బాగ్దాద్‌లో మూగబోయిన గొంతు: డిప్రెషన్ గురించి ఇమాం గజాలీ జీవితం చెప్పేదేమిటి?

ఇంట్లో ఒకరు నెల రోజులుగా సరిగ్గా తినడం లేదు. రాత్రి నిద్ర లేదు, పగలు మంచం దిగడం లేదు. పలకరిస్తే ఊఁ, ఆఁ తప్ప మాట లేదు. అలాంటప్పుడు మన ఇళ్లలో ముందుగా వినిపించే మాటలు అందరికీ తెలిసినవే. నజర్ తగిలిందంటారు ఒకరు. జిన్నాతు ప్రభావం అంటారు ఇంకొకరు. నమాజు సరిగ్గా చదివేవాళ్లకు ఇలాంటివి రావని, ఈమాన్ బలహీనంగా ఉండబట్టే ఇదంతా అని తేల్చేసేవాళ్లూ ఉంటారు. ఆ మాట విన్న మనిషి ఇంకాస్త లోపలికి ముడుచుకుపోతాడు. బాధ ఎలాగూ ఉంది, దానికి తోడు సిగ్గు కూడా చేరుతుంది.

అలా తేల్చేసేవాళ్లు ఒక్కసారి ఇమాం గజాలీ (రహ్మ) జీవితం తెలుసుకోవాలి. ఆయనకు ముస్లిం ప్రపంచం ఇచ్చిన బిరుదు హుజ్జతుల్ ఇస్లాం, అంటే ఇస్లాంకు నిలువెత్తు ప్రమాణం. తొమ్మిది వందల ఏళ్లు దాటినా ఆయన పుస్తకాలు మదరసాల్లో చదువుతూనే ఉన్నారు. ఉర్దూ అనువాదాలు మన ఇళ్లలోని అలమారాల్లో కూడా కనిపిస్తాయి. అలాంటి మనిషి సుమారు 37 ఏళ్ల వయసులో, పేరు ప్రతిష్ఠల శిఖరం మీద ఉండగా, ఒక్కసారిగా కూలిపోయారు. నోట మాట రాలేదు. గొంతులో ముద్ద దిగలేదు. ఈ సంగతి బయటపెట్టింది ఆయన శత్రువులు కాదు. అల్ మున్‌ఖిజ్ మినజ్జలాల్ అనే పుస్తకంలో ఆయనే దాచకుండా రాసుకున్నారు.

తూస్‌లో ఒక పేద ఇల్లు

అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ 1058లో, అంటే హిజ్రీ 450లో, ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో పుట్టారు. ఇప్పుడది ఇరాన్‌లో మష్‌హద్ నగరానికి దగ్గర్లో ఉంది. తండ్రి ఉన్ని వడికి అమ్ముకుని బతికేవారని జీవితచరిత్రకారులు చెబుతారు. ఆయనకు చదువు లేదు గానీ చదువుకున్నవాళ్లంటే ప్రాణం. చనిపోయే ముందు తన ఇద్దరు కొడుకులు ముహమ్మద్‌నూ అహ్మద్‌నూ ఒక సూఫీ మిత్రుడి చేతిలో పెట్టి, ఉన్న కొద్దిపాటి డబ్బూ ఇచ్చి, పిల్లలను చదివించమని కోరారు. ఆ డబ్బు కొన్నాళ్లకే అయిపోయింది. మిత్రుడూ పేదవాడే. అందుకని తిండి, వసతి ఇచ్చే మదరసాలో చేరమని పిల్లలకు సలహా ఇచ్చాడు. కడుపు నింపుకోవడానికి మొదలైన చదువు అది.

తూస్‌లో కొంత చదివాక గజాలీ జుర్జాన్‌కు వెళ్లారు. అక్కడి నుంచి తిరిగి వస్తుంటే దారిదోపిడీ దొంగలు ఆయన సంచిని లాక్కున్నారట. అందులో ఉన్నది తరగతుల్లో రాసుకున్న కాగితాలే. వాటిని తిరిగి ఇచ్చేయమని బతిమాలితే దొంగల నాయకుడు నవ్వాడు. కాగితాలు పోతే పోయే చదువు ఇక చదువేంటని ఎగతాళి చేసి, చివరికి వాటిని ఇచ్చేశాడు. ఆ మాట గుచ్చుకుని, గజాలీ మూడేళ్లు కూర్చుని ఆ కాగితాలన్నీ కంఠతా పట్టారని చెబుతారు. ఆయన పట్టుదల అలాంటిది.

తర్వాత నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ దగ్గర చేరారు. ఆ కాలంలో షాఫియీ పండితుల్లో జువైనీని మించినవారు లేరు. 1085లో గురువు చనిపోయే వరకు గజాలీ ఆయన దగ్గరే ఉన్నారు. ఆ తర్వాత సెల్జూక్ రాజ్యపు మహామంత్రి నిజాముల్ ముల్క్ కొలువులో పండితుల చర్చలకు వెళ్లారు. వాదనలో ఆయన ముందు నిలిచినవారు తక్కువ.

శిఖరం మీద ఒంటరిగా

1091లో నిజాముల్ ముల్క్ ఆయన్ని బాగ్దాద్‌లోని నిజామియా మదరసాకు ప్రధాన అధ్యాపకుడిగా పంపారు. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు. ఆ రోజుల్లో చదువుకున్న మనిషికి అంతకు మించిన పదవి లేదు. మూడు వందల మంది విద్యార్థులు ఆయన ముందు కూర్చునేవారు. ఖలీఫా దర్బారులో ఆయన మాటకు విలువ ఉండేది. తీరిక దొరికినప్పుడల్లా తత్వశాస్త్రం చదివి, ఆ తత్వవేత్తలకు జవాబుగా పెద్ద గ్రంథం కూడా రాశారు.

పైకి అన్నీ బాగున్నాయి. కానీ చుట్టూ నేల కదులుతోంది. 1092లో ఆయన్ని పైకి తెచ్చిన నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యారు. నెల తిరిగేసరికి సుల్తాన్ మలిక్ షా కూడా చనిపోయాడు. వారసుల మధ్య యుద్ధాలు మొదలయ్యాయి. 1094లో ఖలీఫా కూడా కన్నుమూశారు. నిన్నటి అండ ఇవాళ లేదు.

లోపలి నేల కూడా గట్టిగా లేదు. ఏది నిజం, దేన్ని నమ్మాలి అనే సందేహం అంతకుముందు ఒకసారి ఆయన్ని దాదాపు రెండు నెలలు పట్టి పీడించింది. కళ్లు చూసేదాన్ని కూడా నమ్మలేని స్థితికి వెళ్లారు. దాన్ని ఆయన జబ్బు అనే అన్నారు. వాదనలతో అది తగ్గలేదని, అల్లాహ్ తన గుండెలో వేసిన వెలుగుతో తగ్గిందని రాసుకున్నారు.

ఆ ఆరు నెలలు

1095 జులై, హిజ్రీ 488 రజబ్ నెల. గజాలీ తన జీవితాన్ని తానే తూకం వేసుకోవడం మొదలుపెట్టారు. ఈ పాఠాలు ఎవరి కోసం చెబుతున్నాను అని ప్రశ్నించుకుంటే, అల్లాహ్ కోసం కాదు, పేరు కోసం, హోదా కోసం అనే జవాబే వచ్చింది. అంతా వదిలి వెళ్లిపోవాలని ఒకరోజు నిశ్చయించుకునేవారు. మర్నాటికి మనసు మారేది. ఒక అడుగు ముందుకు వేస్తే ఇంకో అడుగు వెనక్కి పడేది. ఉదయం గట్టిపడిన సంకల్పం సాయంత్రానికి కరిగిపోయేది. ఈ ఊగిసలాట దాదాపు ఆరు నెలలు నడిచింది.

చివరికి విషయం ఆయన చేతుల్లోంచి జారిపోయింది. నాలుకకు తాళం పడింది. తన కోసం వచ్చే విద్యార్థుల మనసు నొప్పించకూడదని, ఒక్కరోజైనా పాఠం చెప్పాలని ఎంతో ప్రయత్నించారు. ఒక్క మాట రాలేదు. మాటలే ఆస్తిగా బతికిన మనిషికి మాటే పోయింది. ఆ తర్వాత గుండెను దుఃఖం కమ్మేసింది. ఆకలి పోయింది. షోర్వాలో నానబెట్టిన రొట్టె, మనం సరీద్ అంటామే, అంత మెత్తటి తిండి కూడా గొంతు దిగలేదు. ఒక ముద్ద తిన్నా అరగలేదు. ఒంట్లో శక్తి పూర్తిగా తగ్గిపోయింది.

ఆయనకు వచ్చినది ఫలానా జబ్బు అని తొమ్మిది వందల ఏళ్ల తర్వాత మనం చీటీ రాయలేం. ఆయన దాన్ని అల్లాహ్ పెట్టిన పరీక్షగా, తనను దారి మళ్లించిన కరుణగా చూసుకున్నారు. ఆ మాటను మనం గౌరవించాలి. కానీ ఆయన రాసిన లక్షణాలను వరసగా చదివితే ఒకటి తెలుస్తుంది. నెలల తరబడి నిర్ణయం తీసుకోలేకపోవడం, తనను తాను తప్పుబట్టుకోవడం, దుఃఖం, ఆకలి పోవడం, నీరసం, ఎప్పుడూ చేసే పని చేయలేకపోవడం... ఇవాళ ఒక డాక్టరు డిప్రెషన్ ఉందేమో అని అడిగే ప్రశ్నల్లో ఇవన్నీ ఉంటాయి.

వైద్యులు ఏం చెప్పారు?

గజాలీ వైద్యం వద్దనలేదు. నేను ఇమాంని, నాకు హకీములెందుకు అనుకోలేదు. బాగ్దాద్ అప్పట్లో వైద్యానికి పేరున్న నగరం. అజుదీ ఆసుపత్రి అక్కడ 10వ శతాబ్దం చివర్లోనే మొదలైంది. వైద్యులు ఆయన్ని పరీక్షించి ఒక మాట చెప్పారు. ఇది గుండెలో, అంటే మనసులో మొదలై, అక్కడి నుంచి ఒంట్లోకి పాకింది. లోపలి ఆ దిగులు తీరితే తప్ప, కడుపుకిచ్చే మందులతో ఇది తగ్గదు. అలా చెప్పి, తమ వల్ల కాదని చేతులెత్తేశారు.

ఆ మాట వెనక అప్పటికే ఒక చదువు ఉంది. గజాలీకి నూట అరవై ఏళ్ల ముందు, ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు ఉండేవారు. 934లో మరణించారు. శరీరానికీ మనసుకీ కావలసిన సంరక్షణ గురించి ఆయన ఒక పుస్తకం రాశారు. వైద్యులు శరీరాన్నే చూస్తున్నారు, మనసు జబ్బులను పట్టించుకోవడం లేదని అందులో బాధపడ్డారు. దుఃఖం రెండు రకాలని చెప్పారు. ఒకటి కారణం తెలిసిన దుఃఖం: మనిషి పోవడం, ఆస్తి పోవడం లాంటివి. రెండోది కారణం తెలియకుండా వచ్చే దుఃఖం. ఈ రెండోదానికి శరీరంలోనే మూలం ఉండొచ్చని, దానికి ఒంటికిచ్చే వైద్యం కూడా కావాలని అన్నారు. ఒంట్లో బాగున్నప్పుడే ఇంట్లో మందులు దాచుకున్నట్టు, మనసు బాగున్నప్పుడే మంచి ఆలోచనలను దాచిపెట్టుకోవాలని, కష్టం వచ్చినప్పుడు వాటిని బయటికి తీయాలని సలహా ఇచ్చారు. ఇవాళ కౌన్సెలింగ్‌లో ఆలోచనలను సరిదిద్దుకునే పద్ధతి ఉంది కదా, దానికి ఇది దగ్గరి చుట్టం.

ఇప్పటి వైద్యం ఈ విషయంలో చాలా దూరం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో 28 కోట్లకు పైగా మందికి డిప్రెషన్ ఉంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. గర్భిణుల్లో, కొత్తగా బిడ్డను కన్న తల్లుల్లో పది శాతానికి పైగా దీని బారిన పడుతున్నారు. దిగులు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ, రోజులో ఎక్కువసేపు, కనీసం రెండు వారాలపాటు ఉంటే డాక్టర్లు దీని గురించి ఆలోచిస్తారు. దానితోపాటు నిద్ర, ఆకలి మారడం, అలసట, ఏకాగ్రత లేకపోవడం, తాను ఎందుకూ పనికిరానని అనిపించడం, చావు గురించిన ఆలోచనలు ఉన్నాయా అని అడుగుతారు. మన దగ్గర చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, దిగులుగా ఉందని చెప్పరు. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, గుండె దడ, గ్యాస్ అని చెబుతారు. పరీక్షలన్నీ నార్మల్ అని వస్తాయి. గజాలీ వైద్యులు కడుపు వెనక మనసును చూసినట్టు, అక్కడ కూడా ఎవరో ఒకరు మనసును చూడాలి. అలాగే థైరాయిడ్ లోపం, రక్తహీనత లాంటివి కూడా మనిషిని ఇలాగే నీరసపరుస్తాయి కాబట్టి ఒంటినీ పరీక్షించాలి.

కారణం ఒక్కటే ఉండదు. కొంత పుట్టుకతో వస్తుంది, కొంత కష్టాల వల్ల వస్తుంది. అప్పులు, దగ్గరివాళ్ల మరణం, ఇంట్లో హింస, దీర్ఘకాలపు జబ్బు, ఒంటరితనం అన్నీ కలిసి పని చేస్తాయి. షుగరూ బీపీ ఎవరి ఈమాన్‌నీ చూసి రానట్టే ఇది కూడా ఈమాన్‌ని చూసి రాదు.

నజర్ అని అప్పుడు కూడా అన్నారు

గజాలీ బాగ్దాద్ వదలాలని నిర్ణయించుకున్నారు. నిస్సహాయుడిలా అల్లాహ్‌ను వేడుకున్నానని, అప్పుడు పదవినీ డబ్బునూ వదలడం తేలికైందని రాశారు. పిల్లలకూ తనకూ సరిపడా ఉంచి మిగతా సొమ్మంతా పంచేశారు. నిజామియాలో పాఠాలు ఆగకుండా తమ్ముడు అహ్మద్ ఆయన స్థానంలో కూర్చున్నారు. ఈ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. అన్న పడిపోయినప్పుడు తమ్ముడు ఆయన్ని నిలదీయలేదు, ఆయన బరువు తీసుకున్నాడు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. అంత పెద్ద పదవిని మతం కోసం వదిలేస్తారంటే ఎవరూ నమ్మలేదు. ప్రభుత్వానికి భయపడి పారిపోయాడని దూరంగా ఉన్నవాళ్లు అనుకున్నారు. పాలకులు ఉండమని బతిమాలడం కళ్లారా చూసినవాళ్లు మాత్రం ఇదేదో పైనుంచి వచ్చినదని, ఇస్లాం ప్రజలకూ పండితుల వర్గానికీ నజర్ తగిలిందని చెప్పుకున్నారు. అవును, సాక్షాత్తు ఇమాం గజాలీ విషయంలోనే ఆ మాట అన్నారు. కూలిపోయిన మనిషి గురించి నలుగురూ నాలుగు రకాలుగా అనుకోవడం ఇవాళ పుట్టిన అలవాటు కాదు.

నజర్ సత్యమే అని నమ్మే ఇంట్లో దువా చదవండి, తప్పేం లేదు. కానీ దువాతోనే ఆపేసి ఆమిళ్ల చుట్టూ, తావీజుల చుట్టూ నెలల తరబడి తిప్పుతూ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లకపోవడం వల్ల మనుషులు నష్టపోతున్నారు. యాఖూబ్ ప్రవక్త (అలై) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారని ఖుర్‌ఆన్ చెబుతుంది. ఖదీజా (రజి) పోయిన ఏడాదిని సీరా రాసినవాళ్లు దుఃఖ సంవత్సరం అన్నారు. మన ప్రవక్త (సఅసం) దిగులు నుంచి, దుఃఖం నుంచి శరణు కోరే దువా నేర్పారు. వైద్యం చేయించుకోమని కూడా చెప్పారు. మరి దిగులు పడటమే ఈమాన్ లోపమైతే ఇవన్నీ ఏమిటి?

దమస్కు మినారులో

1095 నవంబరులో గజాలీ బయల్దేరారు. మక్కాకు వెళ్తున్నానని అందరికీ చెప్పి, షామ్ దేశానికి వెళ్లారు. దమస్కులోని ఉమయ్యద్ మసీదు మినారులోకి ఎక్కి, తలుపు మూసుకుని రోజంతా ధ్యానంలో గడిపేవారు. అక్కడి నుంచి జెరూసలేం వెళ్లారు. హెబ్రోన్‌లో ఇబ్రాహీం ప్రవక్త (అలై) సమాధి దగ్గర మూడు ప్రతిజ్ఞలు చేశారు: రాజుల దగ్గరకు వెళ్లకూడదు, రాజుల సొమ్ము తీసుకోకూడదు, వాదులాటల్లోకి దిగకూడదు. ఏ రంధిలో పడి మనసు నలిగిందో వాటన్నిటికీ గీత గీశారన్న మాట. తర్వాత హజ్ చేశారు.

ఆ తర్వాత జరిగింది మామూలు మనుషులకు దగ్గరగా ఉంటుంది. పిల్లలు గుర్తొచ్చారు. ఇంటి మీద బెంగ ఆయన్ని వెనక్కి లాగింది. ఎప్పటికీ తిరిగి రాననుకున్న మనిషి తూస్‌కు తిరిగి వచ్చారు. ఏకాంతం మాత్రం వదల్లేదు. అయితే ఆ ఏకాంతం కూడా సాఫీగా సాగలేదు. కాలపు గొడవలు, ఇంటి అవసరాలు, బతుకుదెరువు అడ్డుపడుతూనే ఉండేవని, మనసు పూర్తిగా తేటపడేది అప్పుడప్పుడు మాత్రమేనని, అయినా ఆశ వదలకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నించేవాడినని ఆయన రాశారు. ఇలా దాదాపు పదేళ్లు గడిచాయి.

కోలుకోవడం ఇలాగే ఉంటుంది. రెండు మంచి రోజులు, ఒక చెడ్డ రోజు. చెడ్డ రోజు వచ్చిందంటే అంతా మొదటికి వచ్చిందని కాదు. మందులు కూడా ఇవాళ వేసుకుంటే రేపు పని చేయవు. రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. బాగైపోయిందనిపించినా డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు, మామూలుగా కనీసం ఆరు నెలలు కొనసాగిస్తారు. ఇవి మత్తుమందులు కావు. అయితే హఠాత్తుగా మానేస్తే ఇబ్బంది కలుగుతుంది కాబట్టి మెల్లగా తగ్గిస్తారు. తేలికపాటి డిప్రెషన్‌కు చాలాసార్లు మాటలతో చేసే చికిత్స సరిపోతుంది. తీవ్రమైనదానికి రెండూ కలిపి ఇస్తారు. రమజాన్‌లో మందుల వేళలను సెహ్రీకీ ఇఫ్తార్‌కీ మార్చవచ్చేమో ముందుగానే డాక్టరును అడగాలి. ఉపవాసం ఉండలేని రోగికి ధర్మంలో వెసులుబాటు ఉందన్నది కూడా మర్చిపోకూడదు.

గజాలీలా అన్నీ వదిలి వెళ్లిపోవాలని ఎవరూ అనుకోకూడదు. ఆయనకు పిల్లల కోసం ఏర్పాటు చేసే స్తోమత ఉంది, స్థానంలో నిలబడే తమ్ముడు ఉన్నాడు. మనసు బాగా కుంగి ఉన్నప్పుడు ఉద్యోగం మానేయడం, తలాఖ్, ఆస్తి అమ్మకం లాంటి పెద్ద నిర్ణయాలు వాయిదా వేయమనే వైద్యులు చెబుతారు. ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది వేరే ఉంది. పడిపోయానని ఒప్పుకోవడం, సాయం తీసుకోవడం, తొందరపడకపోవడం.

ఒంటరితనంలో పుట్టిన పుస్తకం

మాట పడిపోయిన మనిషి ఆ పదేళ్లలోనే తన జీవితంలో అతి పెద్ద గ్రంథం రాశారు. ఇహ్యా ఉలూముద్దీన్. నలభై భాగాలు. నమాజు, ఉపవాసం నుంచి తినడం, పెళ్లి, సంపాదన, కోపం, అసూయ, భయం, ఆశ, మరణం దాకా అన్నీ ఉన్నాయి అందులో. మనసు ఎలా జబ్బు పడుతుందో, ఎలా నయమవుతుందో ఇంత వివరంగా చెప్పిన పుస్తకాలు అరుదు. రోగులందరికీ ఒకే మందు ఇచ్చే వైద్యుడు చాలామందిని చంపుతాడని, మనసుల విషయంలో కూడా ఒక్కొక్కరి తీరు చూసి దారి చెప్పాలని అందులో అంటారు.

వైద్యం గురించి ఆయన అభిప్రాయం మన ఇళ్లలో అందరికీ తెలియాలి. వైద్యశాస్త్రం నేర్చుకోవడం ఫర్జె కిఫాయా అని, అంటే సమాజంలో కొందరైనా తప్పక నేర్చుకోవలసిన విద్య అని ఆయన ఇహ్యాలో రాశారు. అందరూ ఫిఖ్‌హ్ వైపే పరుగెత్తుతున్నారని, ఎన్నో ఊళ్లలో ముస్లిం వైద్యుడే దొరకడం లేదని విసుక్కున్నారు. తవక్కుల్ గురించి రాసిన భాగంలో ఇంకా స్పష్టంగా చెప్పారు. దాహమైతే నీళ్లు తాగడం, ఆకలైతే రొట్టె తినడం అల్లాహ్ మీద నమ్మకానికి విరుద్ధం కానట్టే, వైద్యుడి దగ్గర మందు తీసుకోవడం కూడా విరుద్ధం కాదు. మందూ ఆయన సృష్టే, స్వస్థతా ఆయన చేతిలోదే. తవక్కుల్ పేరు చెప్పి మందులు ఆపించేవాళ్లు గజాలీ కంటే పెద్ద ఆలిములా అని మనం అడగవచ్చు.

మళ్లీ తరగతి గదిలోకి

1106లో నిజాముల్ ముల్క్ కొడుకు ఫఖ్రుల్ ముల్క్ ఆయన్ని నీషాపూర్ నిజామియాలో పాఠాలు చెప్పమని ఒత్తిడి చేశారు. గజాలీ వెంటనే సరే అనలేదు. నమ్మకమైన పెద్దలను అడిగారు. అందరూ వెళ్లమన్నారు. పదకొండేళ్ల క్రితం ఒక్క మాట పెగలని మనిషి మళ్లీ విద్యార్థుల ముందు కూర్చున్నారు. పైకి చూస్తే పాత పనిలోకే తిరిగి వచ్చినట్టు ఉన్నా ఇది పాత పని కాదని ఆయన అన్నారు. అప్పుడు పేరు సంపాదించే చదువు చెప్పాను, ఇప్పుడు పేరును వదులుకునే చదువు చెబుతున్నాను అన్నది ఆయన భావం.

తన కథను మున్‌ఖిజ్‌లో రాసింది కూడా తిరిగి వచ్చాకే. ఆయన స్థాయి మనిషి ఆ బలహీన రోజులను దాచేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నాలుక కట్టుబడిన సంగతి, ముద్ద దిగని సంగతి, వైద్యులు చేతులెత్తేసిన సంగతి అన్నీ తన పేరు మీదే రాశారు. ఇవాళ డిప్రెషన్ నుంచి బయటపడ్డవాళ్లు తమ సంగతి ఇంట్లోవాళ్లకైనా చెప్పగలిగితే, పక్కనే మౌనంగా నలిగిపోతున్న మరొకరికి దారి దొరుకుతుంది. అబ్బా కూడా ఒకప్పుడు ఇలా బాధపడ్డారట, మందులు వాడి బాగయ్యారట అని తెలిస్తే కొడుకు నోరు విప్పుతాడు. బిడ్డ పుట్టాక నాకూ ఇలాగే ఏడుపొచ్చేదమ్మా అని అత్తగారు చెబితే కోడలి గుండె తేలికపడుతుంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. తిట్టకుండా, ఉపదేశాలు ఇవ్వకుండా పక్కన కూర్చుని వినడం. డాక్టరు దగ్గరకు తోడు వెళ్లడం. కొన్నాళ్లు పనులు పంచుకోవడం. నమాజుకు లేవలేకపోతే ఎత్తిపొడవకుండా మెల్లగా తోడుగా తీసుకెళ్లడం. చచ్చిపోవాలనుంది అని ఎవరైనా అంటే దాన్ని నాటకంగా కొట్టిపారేయకూడదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. మానసిక వైద్యం పొందడం 2017 చట్టం ప్రకారం మన హక్కు. ఎర్రగడ్డ పేరు చెప్పి పిల్లలు ఒకరినొకరు వెక్కిరించుకుంటుంటే పెద్దలే ఆపాలి. రేపు ఆ గడప ఎక్కవలసిన అవసరం మనలో ఎవరికైనా రావచ్చు.

చివరి ఉదయం

నీషాపూర్‌లో కొంతకాలం చెప్పాక గజాలీ తూస్‌లోని సొంత ఇంటికి వచ్చేశారు. ఇంటి పక్కన విద్యార్థులకు ఒక మదరసా, సూఫీలకు ఒక ఖాన్‌ఖా ఏర్పాటు చేసుకున్నారు. పెద్ద నగరం లేదు, దర్బారు లేదు. ఖుర్‌ఆన్ చదవడం, పాఠాలు చెప్పడం, వచ్చినవారితో కూర్చోవడం, ఇదే దినచర్య. మళ్లీ బాగ్దాద్‌కు రమ్మని పిలుపు వచ్చినా వెళ్లలేదు. తనకు ఏది సరిపడుతుందో, ఏది సరిపడదో అప్పటికి ఆయనకు తెలిసిపోయింది.

హిజ్రీ 505 జమాదివుస్సానీ 14న, అంటే 1111 డిసెంబరులో, ఒక సోమవారం తెల్లవారుజామున ఆయన లేచి వుజూ చేసి ఫజ్ర్ నమాజు చదివారు. కఫన్ తెప్పించుకుని ముద్దుపెట్టుకుని కళ్లకు అద్దుకున్నారు. ఖిబ్లా వైపు కాళ్లు చాపి పడుకుని, పూర్తిగా తెల్లవారకముందే కన్నుమూశారు. తమ్ముడు అహ్మద్ చెప్పిన ఈ సంగతిని చరిత్రకారులు రాసిపెట్టారు. నిజామియాలో అన్న స్థానంలో కూర్చుని పాఠాలు ఆగకుండా చూసిన తమ్ముడే, అన్న చివరి ఉదయాన్ని కూడా మనకు అందించారు.

ఆయనకు అప్పటికి 53 ఏళ్లు. ఇహ్యా, ఫార్సీలో రాసిన కీమియాయె సఆదత్, మున్‌ఖిజ్, ఒక శిష్యుడికి ఉత్తరంలా రాసిన అయ్యుహల్ వలద్, ఇవన్నీ బాగ్దాద్‌లో గొంతు మూగబోయిన తర్వాత రాసినవే.